చలిపొద్దున కారు కడిగే చెయ్యి

ఇంటా వాకిటా

"కార్తీకాన కడవ కడిగే పొద్దుండదు, మార్గశిరాన మాటలాడే పొద్దుండదు" అని మన పెద్దలు అనేవారు. కడవ కడగడానికే పొద్దు చాలని రోజుల్లో కారు కడగడానికి పొద్దెక్కడిది? అందుకే కాబోలు, మన పట్నాల్లో ఆ పని పొద్దు పొడవకముందే జరిగిపోతున్నది. బెంగుళూరులో గాని, హోసూరులో గాని, పూణేలో గాని ఈ చలిరోజుల్లో తెల్లవారుజామున అయిదింటికి కిటికీ తెరిచి చూడండి. కింద బకెట్టు చప్పుడు, గుడ్డ పిండే చప్పుడు వినవస్తాయి. మనకు దుప్పటి తియ్యబుద్ధి పుట్టని ఆ వేళలో ఎవరో ఒకరు మన కారు కడుగుతూ వుంటారు.

ఈ నెల ఆ పని గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. "కారు కడగడంలో చెప్పుకోవలసింది ఏమున్నది? నీళ్ళు, సబ్బు, గుడ్డ వుంటే చాలదా?" అని మీరనవచ్చు. కొంచెం వున్నది. రోజూ చీకట్లో చన్నీళ్ళతో కారు తుడిపించడం కారుకు మంచిది కాదు, నీళ్ళకు మంచిది కాదు, తుడిచే చేతులకు అసలే మంచిది కాదు. వారానికి ఒక్కసారి, ఎండ వచ్చాక, గోరువెచ్చని నీళ్ళతో కడిగితే మూడింటికీ మేలు. ఇదే నేను చెప్పదలచిన సంగతి. మిగిలినదంతా ఎందుకు, ఎట్లా అన్న వివరమే.

మన వారిలో వయసు మళ్ళినవారికి అంబాసిడర్ల కాలం జ్ఞాపకం వుంటుంది. 1950ల చివర మొదలై 2014 దాకా తయారైన బండి అది. అప్పట్లో వీధికి ఒక కారు వుంటే గొప్ప. 1983 డిసెంబరులో మారుతి 800 రోడ్డెక్కింది. ఆ తరువాత మధ్యతరగతి ఇళ్ళ ముందు కూడా కార్లు నిలవడం మొదలుపెట్టాయి. ఇప్పుడు ఒక్కొక్క అపార్టుమెంటు కింద వందలకొద్దీ కార్లు. వాటిని తుడవడానికి మనుషులు కావలసి వచ్చారు. రాయచూరు, యాదగిరి వైపు నుంచి వచ్చినవారు కొందరు, మన అనంతపురం వైపు నుంచి వచ్చినవారు కొందరు, ఇంకా దూరాల నుంచి వచ్చినవారు కొందరు ఈ పని చేసుకుని బతుకుతున్నారు. బండికి నెలకింత అని జీతం. ఎన్ని బండ్లు తుడిస్తే అంత కూడు.

మా పక్క మేడలో ఒక పెద్దావిడ వున్నారు. ఆవిడ పుట్టింటివారిదీ, మెట్టినింటివారిదీ కూడా నాలుగు తరాలుగా బెంగుళూరే. కన్నడం ఎంత బాగా మాట్లాడతారో తెలుగూ అంత బాగా మాట్లాడతారు. కిందటి పుష్యమాసంలో ఒకనాడు ఆవిడ ముగ్గు వెయ్యడానికి కిందికి దిగి, కార్లు తుడిచే కుర్రవాడిని పలకరించారు. వాడు కళ్యాణదుర్గం వైపువాడు.

"ఏమి నాయనా, ఆ వేళ్ళు అట్లా పాలిపోయినాయే?"

"ఏం లేదవ్వా. మొదట్లో జివ్వుమంటాయి. కొంచేపటికి ఇంక తెలీదు."

"తెలియకపోవడమే కదరా చెడ్డది! ఎన్ని బండ్లున్నాయి నీకు?"

"పద్దెనిమిది అవ్వా. ఎనిమిదిలోగా అయిపోవల్ల."

"కాస్త పొద్దెక్కినాక కడగరాదా?"

"పొద్దెక్కితే బండ్లుండవు కదవ్వా. ఆఫీసులకు పోతాయి."

ఈ నాలుగు మాటల్లోనే విషయమంతా వున్నది. ఒక్కొక్కటిగా విప్పి చూద్దాం.

చేతికి ఏమవుతుంది?

బెంగుళూరు చలి పెద్ద చలి కాదని ఉత్తరాదివారు నవ్వుతారు. మాట నిజమే. 1884 జనవరి 13న అక్కడ 7.8 డిగ్రీలకు దిగింది. అంతకన్న తక్కువ ఆ వూళ్ళో ఎన్నడూ నమోదు కాలేదు. మామూలుగా డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో 15, 16 డిగ్రీల దగ్గర వుంటుంది. పూణేలో పదికి లోపల దిగే రాత్రులు వున్నాయి. కోరాపుట్ కొండల్లో వుండే మనవారికి, నీలగిరిలో వుండే మనవారికి ఇంకా బాగా తెలుసు. ఊటీలో గడ్డి మీద తెల్లగా మంచు పేరుకునే పొద్దులు ఏటా వస్తాయి.

అయితే గాలి చలి వేరు, నీటి చలి వేరు. పదిహేను డిగ్రీల గాలిలో స్వెట్టరు వేసుకుని నడిస్తే హాయిగా వుంటుంది. పదిహేను డిగ్రీల నీటిలో చెయ్యి పెట్టి ఉంచండి, నాలుగు నిమిషాల్లో తెలుస్తుంది. కారణం ఏమిటంటే, కదలని గాలి కన్న నీరు వేడిని సుమారు ఇరవై నాలుగు రెట్లు ఎక్కువగా లాగేస్తుంది. చెయ్యి నీళ్ళలోంచి తీశాక కూడా బాధ తీరదు. తడి ఆరేటప్పుడు మళ్ళీ చేతి వేడినే తీసుకుని ఆవిరవుతుంది. కూజాలో నీళ్ళు చల్లబడేదీ ఇందువల్లనే. చలిగాలికి తడిచెయ్యి ఒక కూజా అన్నమాట.

ఒళ్ళు తెలివైనది. గుండె, కడుపు వెచ్చగా వుండాలని వేళ్ళకు వెళ్ళే సన్నని రక్తనాళాలను బిగిస్తుంది. అందుకే వేళ్ళు తెల్లబడతాయి, జివ్వుమంటాయి, ఆ తరువాత మొద్దుబారతాయి. ఒకనాడు ఇట్లా అయితే ఏమీ కాదు. మూడు నెలలు, రోజూ మూడు గంటలు అయితే చర్మం పగులుతుంది. ఆ పగుళ్ళలోకి సబ్బు, మట్టి చేరి మంట పెడతాయి. కొందరికి వేళ్ళు ఎర్రగా వాచి దురద పుడుతుంది. ఇది గడ్డకట్టే చలి వల్ల వచ్చేది కాదు. మన పట్నాల్లో వుండేటువంటి తడి చలికే వస్తుంది.

మరి కొందరికి చలి తగలగానే వేళ్ళు పాలిపోయినట్టు తెల్లగా, తరువాత నీలంగా, వెచ్చబడ్డాక ఎర్రగా మారుతాయి. దీన్ని 1862లో మోరిస్ రేనో అనే ఫ్రెంచి వైద్యుడు వివరించి చెప్పాడు. ఆయన పేరే దానికి నిలిచిపోయింది. మీ ఇంట్లో ఎవరికైనా, మీ ఇంటి పని చేసేవారికైనా ఏటేటా ఇట్లా అవుతుంటే వైద్యునికి చూపించవలసిందే.

మొద్దుబారిన చేతిని మంట దగ్గర పెట్టడం, సలసల కాగే నీళ్ళలో ముంచడం పొరబాటు. స్పర్శ లేని చేతికి కాలుతున్నదని తెలియదు. పొడిగుడ్డతో అద్ది, చంకల్లో పెట్టుకోవాలి. లేదా గోరువెచ్చని నీళ్ళలో వుంచాలి. గట్టిగా రుద్దకూడదు.

కారుకు ఏమవుతుంది?

"పాపం చేతుల సంగతి సరే, రోజూ తుడిస్తే కారు తళతళలాడుతుంది గదా?" అంటారు. అదీ పూర్తిగా నిజం కాదు. ఇప్పటి కార్ల రంగు మీద పారదర్శకమైన వార్నీషు వంటి పొర ఒకటి వుంటుంది. మెరుపంతా దానిదే. దాని మందం సుమారు 40, 50 మైక్రాన్లు. మనం ఉత్తరం రాసుకునే కాగితం మందంలో సగం అన్నమాట. రాత్రంతా కారు మీద దుమ్ము పడుతుంది, దాని మీద మంచు పడుతుంది. తెల్లవారుజామున తడిగుడ్డతో ఒక్క తుడుపు తుడిస్తే ఆ మట్టిలోని సన్నని ఇసుక గుడ్డకు అంటుకుని కారంతా గీస్తుంది. ఇసుక ఆ పొర కన్న గట్టిది. చీకట్లో ఏమీ కనిపించదు. మధ్యాహ్నం ఎండలో పక్కనుంచి చూడండి, సాలెగూడు వంటి సన్నని గీతలు కనిపిస్తాయి. అవి వానవల్లా వచ్చినవి కావు, ఎండవల్లా వచ్చినవి కావు. రోజూ తుడిచినందువల్ల వచ్చినవి.

పైగా ఆ కుర్రవాడికి అర బకెట్టు నీళ్ళలో మూడు నాలుగు కార్లు తుడవవలసి వస్తుంది. మొదటి కారు మట్టి నాలుగో కారుకు చేరుతుంది. వాడి తప్పేమీ లేదు. ఎనిమిదిలోగా పద్దెనిమిది బండ్లు కావాలన్నది మనం పెట్టిన లెక్క.

లెక్క మార్చి చూద్దాం

పద్దెనిమిది బండ్లు, బండికి పన్నెండు నిమిషాలు. మూడు గంటల ముప్పై ఆరు నిమిషాలు. ఎనిమిదికి ముగించాలంటే నాలుగున్నరకు ముందే బకెట్టు పట్టుకోవాలి. రోజూ ఇదే. బండికి ఎనిమిది లీటర్ల చొప్పున వాడినా నెలకు 4,320 లీటర్లు.

ఇప్పుడు అదే పద్దెనిమిది బండ్లను వారానికి ఒక్కసారి శుభ్రంగా కడగాలని అనుకోండి. శనివారం అయిదు, ఆదివారం అయిదు. మిగిలిన రోజుల్లో నాలుగు రోజులు రెండేసి చొప్పున ఎనిమిది. ఒక రోజు సెలవు. బండికి నలభై నిమిషాలు పట్టినా ఎక్కువ పని వున్న రోజున మూడు గంటల ఇరవై నిమిషాలు. అదీ ఎండలో. బండికి పాతిక లీటర్లు వాడినా నెలకు నాలుగు వారాలకు 1,800 లీటర్లు. మునుపటి నీళ్ళలో సగం కన్న తక్కువ. విశ్రాంతి ఉద్యోగుల కార్లు, ఇంటి నుంచే పని చేసేవారి కార్లు వారం మధ్యలో పెట్టుకోవచ్చు. ఆఫీసుకు వెళ్ళేవారివి శని, ఆదివారాలకు వుంచవచ్చు. అపార్టుమెంటు సంఘం వారు ఒక కాగితం మీద రాసి గోడకు అంటిస్తే సరిపోతుంది.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. పని రోజులు తగ్గాయి గదా అని జీతం తగ్గించకూడదు. నెలకు ఇచ్చేది ఎంత ఇస్తున్నారో అంతా ఇవ్వాలి. మీకు దక్కేది మునుపటి కన్న శుభ్రమైన కారు, గీతలు పడని రంగు. అతనికి దక్కేది మూడు గంటల నిద్ర, ఎండలో పని. జీతం కోసేస్తే అతను మరో పది బండ్లు ఒప్పుకుంటాడు, మళ్ళీ నాలుగున్నరకే లేస్తాడు. అప్పుడు మనం చేసిన మేలంతా నీళ్ళపాలు.

నీళ్ళ మాట వచ్చింది గనుక ఇదీ గుర్తుంచుకోవాలి. 2024 మార్చిలో బెంగుళూరు జలమండలి వారు తాగునీటితో వాహనాలు కడగకూడదని, తోటలకు, కట్టడాలకు, ఫౌంటెన్లకు వాడకూడదని నిషేధించి, 5,000 రూపాయల జరిమానా పెట్టారు. 2025 ఫిబ్రవరిలో మళ్ళీ అటువంటి ఉత్తరువే ఇచ్చారు. మళ్ళీ మళ్ళీ తప్పు చేస్తే రోజుకు 500 అదనం. 2019 జూన్‌లో చెన్నైకి నీళ్ళిచ్చే పూండి, చోళవరం, రెడ్ హిల్స్, చెంబరంబాక్కం జలాశయాలు నాలుగూ దాదాపు అడుగంటిన రోజులు అక్కడి మనవారు మరచిపోయి వుండరు. గొట్టం పెట్టి కడిగితే నిమిషానికి పది నుంచి ఇరవై లీటర్లు పోతాయి. పది నిమిషాలు వదిలితే ఒక కుటుంబానికి సరిపోయే నీళ్ళు కాలువ పాలు. కనుక గొట్టం వద్దు, బకెట్టే ముద్దు. శుద్ధి చేసిన నీళ్ళు గాని, మిద్దె మీద పట్టిన వాననీళ్ళు గాని వుంటే అవే వాడండి.

కడిగే విధానం

వేళ: పొద్దున తొమ్మిది, పది గంటలు మంచిది. మంచు ఆరి, రేకు కొంచెం వెచ్చబడి వుంటుంది. మధ్యాహ్నం మంట ఎండలో వద్దు, సబ్బు ఎండిపోయి మరకలు కడతాయి. సాయంత్రం నాలుగు దాటాక కూడా వద్దు. తలుపు అంచుల్లో, రబ్బరు కింద నిలిచిన తడి ఆరేలోపల మళ్ళీ మంచు దిగుతుంది.

నీళ్ళు: మూడు చిన్న బకెట్లు, ఒక్కొక్కదానిలో ఎనిమిది లీటర్లు. ఒకదానిలో కారు షాంపూ కలిపిన గోరువెచ్చని నీళ్ళు. రెండోదానిలో గుడ్డ జాడించుకోవడానికి గోరువెచ్చని మంచినీళ్ళు. మూడోది కడపట పొయ్యడానికి, ఇది మామూలు నీళ్ళైనా సరే. వెచ్చదనం ఎంత వుండాలంటారా? పసిబిడ్డకు నీళ్ళు పోసేటప్పుడు మన అమ్మలు మోచెయ్యి ముంచి చూస్తారే, అంత. 38 డిగ్రీలు అనుకోండి. సలసల కాగిన నీళ్ళు ఎన్నడూ అద్దం మీద పొయ్యకండి. చల్లని అద్దం మీద, అందులోనూ ఎక్కడో చిన్న రాయి తగిలి బొట్టంత దెబ్బ వున్న అద్దం మీద వేడినీళ్ళు పడితే చీలిపోతుంది.

వెచ్చని నీళ్ళకు ఖర్చు ఎంత? పదిహేను లీటర్ల నీళ్ళను 18 డిగ్రీల నుంచి 38 డిగ్రీలకు తేవాలంటే ఒక కరెంటు యూనిట్టులో సుమారు మూడో వంతు చాలు. వారానికి ఒకసారి చొప్పున మూడు నెలల చలికాలమంతా కలిపి లెక్క వేసినా నాలుగు యూనిట్లు పైచిలుకు. ఒక పూట కాఫీ ఖర్చు కూడా కాదు. మిద్దె మీద సోలారు హీటరు వున్నవారికి అదీ లేదు. నీళ్ళలో ముంచే రాడ్డు వాడేవారు మాత్రం జాగ్రత్త. స్నానాలగదిలోనే కాచి, స్విచ్చి ఆపి, ప్లగ్గు తీసి, అప్పుడు బకెట్టు కిందికి పంపండి. తడి నేల మీద, కారు పక్కన తీగలు లాగి కాచే పని ఎన్నడూ పెట్టుకోవద్దు.

తుడవడం: ముందు గుడ్డ తగలనివ్వకండి. చెంబుతో పైనుంచి నీళ్ళు పోసి మట్టి నాననివ్వండి, జారనివ్వండి. పక్షిరెట్ట వుంటే దాని మీద తడిగుడ్డ రెండు నిమిషాలు పరిచి వుంచండి, తరువాత తేలిగ్గా వస్తుంది. గోకితే రంగు పోతుంది. మెత్తని మైక్రోఫైబరు గుడ్డ నాలుగు మడతలు పెట్టి, షాంపూ నీళ్ళలో ముంచి, కప్పు మీద మొదలుపెట్టి కిందికి రండి. ఒక భాగం తుడవగానే మంచినీళ్ళ బకెట్టులో జాడించి, అప్పుడు మళ్ళీ షాంపూలో ముంచాలి. మట్టి ఆ బకెట్టు అడుగున పేరుకుంటుంది, కారు మీదికి తిరిగి రాదు. కింది అంచులు, చక్రాలు చివర. వాటికి గుడ్డ వేరు. ఆ గుడ్డతో మళ్ళీ పైన తుడవకూడదు.

బట్టల సబ్బుపొడి వద్దు. దానిలోని క్షారం రంగు మీది మైనాన్ని లాగేస్తుంది, చేతి చర్మాన్నీ తింటుంది. రెండు కారణాలూ చాలవా?

చివర మూడో బకెట్టు నీళ్ళు పోసి వెంటనే పొడిగుడ్డతో అద్దండి. మన వూళ్ళలో చాలాచోట్ల బోరునీళ్ళు ఉప్పన, గట్టివి. వాటంతట అవే ఆరితే తెల్లని చుక్కలు మిగులుతాయి. తలుపు అంచులు, రబ్బరు పట్టీలు, డిక్కీ మూత కింద గాడి కూడా తుడవండి. కడిగాక కారును అట్లాగే నిలిపి వుంచకుండా నాలుగడుగులు నడిపి బ్రేకు రెండు మూడుసార్లు మెల్లగా తొక్కితే చక్రాల దగ్గరి తడి ఆరుతుంది.

చేతులు: మోచేతి దాకా వచ్చే రబ్బరు తొడుగులు, వాటి లోపల పల్చని నూలు తొడుగులు. ఇవి రెండూ ఏడాదికి ఒక జత కొనిస్తే చాలు. పని ముగిశాక చేతులు మంచినీళ్ళతో కడిగి, వేళ్ళ సందుల్లో కూడా తడి లేకుండా అద్ది, కొబ్బరినూనె పట్టించాలి. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీలకు లోపల పేరుకుంటుంది. అది ఇంట్లో వున్న ఉష్ణమాపకం అనుకోండి. సీసాలో నూనె గడ్డకట్టిన నాడు ట్యాంకు నీళ్ళు కూడా చెయ్యి పెట్టరానంత చల్లగా వున్నట్టే. ఆనాడు వెచ్చని నీళ్ళ బకెట్టు తప్పకుండా పంపండి. ఆ నీళ్ళలోనే సీసా కాసేపు నిలబెడితే నూనె కూడా కరుగుతుంది.

ఉప్పు వున్నచోట

బరంపురం, యానాం వైపు వుండే మన సోదరులు "మాకు ఇంత చలి ఎక్కడిది?" అంటారు. వారికి చలి తక్కువ, కాని సముద్రపు గాలి వున్నది. ఆ గాలిలో ఉప్పు, తేమ రెండూ వుంటాయి. ఉప్పునీరు ఇనుమును త్వరగా తుప్పు పట్టిస్తుంది. పైపైన మెరిసే కారు అడుగున గుల్లబారుతుంది. కనుక అక్కడివారు వారంవారం కడిగేటప్పుడు చక్రాల గూళ్ళలోను, బండి అడుగున కూడా మంచినీళ్ళు తగిలేటట్లు చూసుకోవాలి.

ఇదే ఉప్పు బాధ మన పిల్లలు కాపురాలు పెట్టుకున్న చలిదేశాల్లో ఇంకా ఎక్కువ. కెనడాలోను, అమెరికా ఉత్తరభాగాల్లోను శీతకాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. మంచినీళ్ళు 0 డిగ్రీల దగ్గర గడ్డకడతాయి. ఉప్పు బాగా కలిసిన నీళ్ళు ఆ నీళ్ళలో ఉప్పు పాలును బట్టి సున్నాకు 21 డిగ్రీల కింది దాకా కూడా గడ్డకట్టకుండా వుండగలవు. అందుకని చల్లుతారు. మనుమలను చూడడానికి వెళ్ళిన పెద్దలు కారు పక్కల తెల్లగా పేరుకున్నది చూసి మంచు అనుకుంటారు. చాలావరకు అది ఉప్పు. దాన్ని అట్లా వదిలితే వసంతం వచ్చేసరికి రేకును తినేస్తుంది. అక్కడ సున్నాకు పైకి లేచిన రోజు చూసి, మధ్యాహ్నం వేళ కడుగుతారు. లేకపోతే కడిగిన నీళ్ళు అక్కడే గడ్డకట్టి నడిచేవారి కాలు జారుతుంది, తలుపు రబ్బర్లు అతుక్కుపోయి తలుపు రాదు. కడిగాక తలుపు అంచులు పొడిగా తుడవడం అక్కడ మరీ ముఖ్యం.

ఇందులో మనం గమనించవలసింది ఒకటున్నది. అక్కడ మన అబ్బాయి తన కారు తానే కడుక్కుంటాడు. తన చేతికే చలి తగులుతుంది గనుక ఎండ వచ్చే రోజు కోసం కాచుకుంటాడు, వెచ్చని నీళ్ళు తెచ్చుకుంటాడు, తొడుగులు వేసుకుంటాడు. ఎవరూ అతనికి చెప్పనక్కరలేదు. ఇక్కడ అదే కుటుంబంలో అదే కారు వేరొకరి చేతితో కడిగిస్తున్నాము. చలి మనకు తగలడం లేదు గనుక వేళ గురించి మనకు ఆలోచన రాలేదు. ఇది ఎవరినో దుమ్మెత్తిపొయ్యడానికి అనడం లేదు. మనలో చెడ్డవాళ్ళెవరూ లేరు. నిద్రపోయేవాడికి చలి తెలియదు, అంతే.

ఒక ఆదివారం మీరే కడిగి చూడండి. పిల్లలను కూడా పిలవండి. అబ్బాయి కప్పు మీద, అమ్మాయి తలుపుల మీద, తాతగారు బకెట్టు దగ్గర పెద్దరికం. మూడు బకెట్ల లెక్క పిల్లలకు ఆటలాగా వుంటుంది. ముందు ఒక్క నిమిషం చన్నీళ్ళలో గుడ్డ పిండమనండి, తరువాత వెచ్చని నీళ్ళలో పిండమనండి. ఆ తేడా పుస్తకం చెప్పలేనంత బాగా చెయ్యి చెపుతుంది. ఆ వారం కూడా మన పనివాడి జీతం పూర్తిగా ఇవ్వవలసిందేనని వేరే చెప్పనక్కరలేదు గదా.

సంక్రాంతి దగ్గర పడుతున్నది. పనివారికి పండుగ ఇనాము ఇవ్వడం మన ఇళ్ళలో ఎప్పటినుంచో వున్న ఆచారం. ఈసారి ఆ ఇనాముతో పాటు ఒక జత రబ్బరు తొడుగులు, ఒక జత నూలు తొడుగులు, ఒక కొబ్బరినూనె సీసా కలిపి ఇవ్వండి. అవి ఇచ్చేటప్పుడు, "నాయనా, రేపటి నుంచి మా బండి తొమ్మిది గంటలకు కడిగితే చాలు, జీతం ఎప్పటిలాగే" అని ఒక్క మాట కూడా అనండి. మీ పక్కింటివారు వింటుండగా అంటే మరీ మంచిది. ఒక్క ఇల్లు మారితే ఆ కుర్రవాడు నాలుగున్నరకు బదులు నాలుగూ ముప్పావుకు లేస్తాడు. పద్దెనిమిది ఇళ్ళూ మారితేనే అతనికి తెల్లవారేదాకా నిద్ర.

వచ్చే నెల ఇంట్లో నీళ్ళ ట్యాంకు కడిగించే పని గురించి ముచ్చటిద్దాము.